మొదటి వరుస

పాశమైలారంలో ఆ మధ్యాహ్నం
షెడ్డు రేకు మీద కాకి కూడా వాలలేదు.
టర్బైన్ తిని వదిలేసిన గాలి
ఐదువందల యాభై డిగ్రీలతో డక్టులోకి వస్తుంది.
అది చాలదని మళ్ళీ మంట పెడతాం,
మందుల ఫ్యాక్టరీ వాళ్ళు ఇంకాస్త ఆవిరి అడిగినప్పుడల్లా.

మొదటి వరుసలో పదిహేడో గొట్టం ఉబ్బింది,
కప్పని మింగిన పాములా, సరిగ్గా నడుమ.

డ్రాయింగు నాది. లెక్క నాది.
బాలానగర్ ఆఫీసులో ఏసీ కింద స్వెట్టరేసుకుని
గాలి మోసుకొచ్చే వేడిని పైసా తేడా లేకుండా కట్టాను.
మంట నేరుగా విసిరే వేడి దగ్గరికొచ్చేసరికి
"స్వల్పం" అని రాసి
కింద గీత కూడా గీశాను.

దస్తగిరి గారు నన్నేమీ అనలేదు.
చూపురంధ్రం మూత పక్కకి జరిపి
నా తల పట్టుకుని కొంచెం వంచారు
చిన్నపిల్లలకి నెలవంక చూపించినట్టు.

"సూడు బిడ్డా. ఆడ మంట, ఈడ గొట్టం.
నడుమ రెండు గజాలు ఖాళీ.
ముట్టుకోలే. అయినా కొడ్తాంది."

నీలంగా ఉండాల్సిన మంట
ఎడమ చివర పసుపుపచ్చగా నాలుక చాపుతోంది.
పసుపంటే మసి.
మసిలో ప్రతి నలుసూ సొంతంగా కాపురం పెట్టిన పొయ్యి.

బళ్ళో చెప్పారు, వేడికి మూడు దారులని.
గరిటె కాడ మీదుగా చేతికి పాకే దారి,
ఎసట్లో నీళ్ళు కిందా మీదా తిరిగే దారి.
మూడోది, పరీక్షలో ఎప్పుడూ చివర రాసేది,
దారే అక్కర్లేనిది.

మంటకి కోపం రెట్టింపైతే
అది పంపేది రెట్టింపవదు, పదహారింతలవుతుంది.
గొట్టానికి మంట ఎంత కనబడితే అంత వాటా.
రెండో వరుస
మొదటి వరుస వీపుల సందుల్లోంచి తొంగి చూస్తుంది,
దానికి తునకలు.
మూడో వరుసకి మంట ఒక పుకారు.

బర్నర్ ఆపించాం.
నల్లా దగ్గర హెల్మెట్ తీసి ఆయన మొహం కడుక్కున్నారు.
అప్పుడు చూశాను.
కుడి చెంప ఒక మనిషిది, ఎడమ చెంప ఇంకొకరిది,
మాగిన తోలు, కనుబొమ్మ సగమే.

"ఎడమ కన్నుతోనే చూస్తారా?"
"అలవాటు. దీనికంటె ముందు సనత్‌నగర్‌ల గాజుబట్టి.
ఆడ ఇంక పెద్ద కిటికీ ఉండె."
తువ్వాలతో తుడుచుకున్నారు, రెండు చెంపలూ ఒకే తీరుగా.

నా చేయి ఊరికే నా మొహం మీదికి పోయింది.
నున్నగా ఉంది.

రాత్రి తొమ్మిదయింది, గొట్టం కోసి మార్చేవాళ్ళు ఇంకా రాలేదు.
ప్రహరీ వెనక ఏనుగంత రాతిబండ,
దాన్ని పగలగొట్టే కాంట్రాక్టు ఎవరికీ కుదరక మిగిలిపోయింది.
ఎండ పోయి మూడు గంటలు.
అయినా బండ పగలంతా విన్నది
ఇప్పుడు తీరిగ్గా అప్పజెబుతోంది.
ఆనుకోలేదు నేను. జానెడు దూరంలో కూర్చున్నాను.
ఆ బండ ఎంత పొడుగో, ఎక్కడ వంగిందో
తిరిగి చూడకుండానే వీపుకి తెలుస్తోంది.
దూరంగా ఔటర్ రింగురోడ్డు మీద లారీల లైట్లు,
వాటిలో ఒక్కటీ నాదాకా వేడి తేలేదు.

ఫోను వెలుతుర్లో కాగితం విప్పి
"స్వల్పం" కొట్టేశాను. దాని పక్కన చోటు
ఖాళీగా ఉంది చాలాసేపు.

ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి నా ముందు పెట్టి
ఆయనా కూర్చున్నారు, బండకి కుడివైపు తిప్పి.
"ఎంత రాసినవ్?"
"కడుతున్నా."
"ఎడమ దిక్కు జర ఎక్కువ రాయి," అన్నారు
చాయ్ ఊదుకుంటూ.